కరెంటు పోతే దభీమనే బోరు లైనుకు స్ప్రింగ్ ఎన్ఆర్‌వి: వాడి చూసి రాస్తున్నా

అనంతపురంలో మోటార్ల సామాన్ల షాపులో కొన్న రెండున్నర ఇంచుల ఇత్తడి స్ప్రింగ్ ఎన్ఆర్‌వి ఇది, అంటే నీళ్లను వెనక్కి రానీయని (నాన్ రిటర్న్) వాల్వు. ఐదుకు నాలుగు మార్కులు వేస్తా. ఒకటి ఎందుకు కోశానో చెప్తా.

మాది నార్పల దగ్గర చీనీ తోట. బోరు పల్లంలో ఉంది, నీళ్ల తొట్టి మిట్ట మీద ఉంది. మధ్యలో 6 కేజీల పీవీసీ పైపు, అంటే చదరపు సెంటీమీటరుకు 6 కేజీల ప్రెషర్ తట్టుకునేది. వ్యవసాయ కరెంటు చెప్పి పోదు కదా. పోయిన మరుక్షణం బోరు దగ్గర దభీమని శబ్దం, తాడిపత్రి పక్క బండల గనిలో సమ్మెట పడినట్టు. గేట్ వాల్వ్ మీద చెయ్యి పెడితే అదురు మోచేతి దాకా తెలిసేది. మిట్ట ఎక్కే చోట ఎల్బో ఊడేది, సొల్యూషన్ పూసి అతికిస్తే మళ్లీ ఊడేది. ప్లంబరేమో పైపు నాసిరకం అంటాడు. పైపు బాగానే ఉంది. తిప్పలంతా పాత రెక్క వాల్వుతో. అదీ ఎన్ఆర్‌వియే, కాకపోతే స్ప్రింగ్ బదులు ఊగే రెక్క ఉంటుంది.

మోటారు ఆగగానే మిట్టెక్కుతున్న నీళ్లు కాస్త నిలిచి, వెనక్కి దిగడం మొదలుపెడతాయి. రెక్క వాల్వు అప్పటిదాకా తెరుచుకునే ఉంటుంది. వెనక్కొచ్చే నీళ్లు రెక్కను ఈడ్చి కొట్టి మూస్తాయి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ఆ దెబ్బే వాటర్ హామర్. సెకనుకు మీటరున్నర వేగంతో కదిలే నీళ్లు ఒక్కసారిగా ఆగితే పీవీసీలో 5 కేజీల దాకా ప్రెషర్ అదనంగా లేస్తుంది. మా మిట్ట ఎత్తు వంద అడుగులు, దానికే 3 కేజీలు. రెండూ కలిపితే 8. పైపు మీద రాసింది 6. ఇనుప పైపైతే అదే వేగానికి అదనపు ప్రెషర్ 15 కేజీలు దాటుతుంది, కాకపోతే దాని గోడ తట్టుకుంటుంది.

స్ప్రింగ్ రకంలో నీళ్లు నెమ్మదించేకొద్దీ స్ప్రింగే మూతను నెట్టుకొస్తుంది. నీళ్లు వెనక్కి తిరిగేసరికి దారి దాదాపు మూసుకునే ఉంటుంది. బిగించాక కరెంటు పోతే టక్‌మని చిన్న చప్పుడు, అంతే. ఎల్బో మళ్లీ ఊడలేదు.

షాపాయన ముందు వేరేది అంటగట్టబోయాడు. "అన్నా, ఈ అరెస్టర్ పెట్టు, శబ్దమే ఉండదు" అని అర ఇంచు బుడ్డి ఒకటి చేతిలో పెట్టాడు. లోపల గాలి, పిస్టన్ ఉండే వస్తువది. ఇంట్లో వాషింగ్ మెషిన్ కొళాయి దగ్గర మంచిదే, మెషిన్ నీళ్లను టక్కున ఆపేస్తుంది కాబట్టి. రెండున్నర ఇంచుల బోరు లైనును అదేం ఆపుతుంది?

ఇక కోసిన మార్కు. మా బోరులో సన్న ఇసుక వస్తుంది. అది మూత అంచున చిక్కుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోక తొట్టిలో నీళ్లు మెల్లగా వెనక్కి కారతాయి. అప్పుడు విప్పి కడగాల్సిందే. అందుకే రెండు పక్కలా యూనియన్ (విప్పి బిగించే జాయింటు) పెట్టించుకోండి, లేకపోతే కడగాలన్న ప్రతిసారీ పైపు కోయాలి. స్ప్రింగును తోసుకుని పోవాలి కాబట్టి నీళ్లు కూడా కొంచెం తగ్గుతాయి. తక్కువ నీళ్ల బోరుకు అది లెక్కే. రేటు రెక్క వాల్వుకు దాదాపు రెట్టింపు. అడ్డంగా, నిలువుగా ఎలాగైనా పెట్టొచ్చు గానీ బాణం గుర్తు మాత్రం నీళ్లు పోయే వైపే ఉండాలి.

ఒక్క వాల్వుతో పని అయిపోదు. మోటారు సడన్‌గా ఆగితే ముందున్న నీళ్లు ఇంకాస్త పోతాయి, మిట్ట తలన పైపులో ఖాళీ ఏర్పడుతుంది. నీళ్లు మళ్లీ కలుసుకున్నప్పుడు అక్కడో దెబ్బ. ఎత్తులో ఎయిర్ వాల్వ్ ఉంటే గాలి లోపలికొచ్చి అది తగ్గుతుంది. మేమూ ఒకటి పెట్టించాం, దాని ఖర్చు చాలా తక్కువ.

డ్రిప్ గేట్లను ఠకీమని మూసే వాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. ఆ దెబ్బ పుట్టేది ఆ గేటు దగ్గరే. మడి మార్చేటప్పుడు రెండో గేటు తెరిచాకే మొదటిది మూయాలి, అదీ నిదానంగా. దానికి పైసా ఖర్చు లేదు.

బోరు, తోట ఒకే మట్టంలో ఉన్న వాళ్లు దీన్ని కొనకండి, రెక్క వాల్వు చాలు.