డీస్పేస్‌తో ఐదేళ్లు: మన థీసిస్ బయటివాళ్లకు సరిగ్గా కనపడాలంటే

వైజాగ్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. డీస్పేస్ అంటే థీసిస్‌లు, పేపర్లు ఆన్‌లైన్‌లో దాచిపెట్టి అందరికీ చూపించే సాఫ్ట్‌వేర్. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధగంగ సైట్ కూడా దీని మీదే నడుస్తోందని, ఫ్రీ అని, మా పాత థీసిస్‌లు, లెక్చరర్ల పేపర్లు ఐదేళ్లుగా డీస్పేస్‌లో పెడుతున్నాం. ఎక్కించడానికి, మా సైట్‌లో వెతుక్కోవడానికి ఏ ఇబ్బందీ లేదు. జర్మనీలో బీలెఫెల్డ్ యూనివర్సిటీ నడిపే బేస్ లాంటి, పరిశోధన పేపర్లు వెతికిపెట్టే సెర్చ్‌లకు మన రికార్డులు సరిగ్గా చేరుతున్నాయా అన్న దగ్గరే అసలు పని ఉంది.

ఆ చేరవేతకు ఓఏఐ-పీఎంహెచ్ అనే పద్ధతి ఉంది, దాని 2.0 వెర్షన్ 2002 నుంచీ నడుస్తోంది. అవతలి సర్వర్ వచ్చి మన రికార్డుల వివరాలు అడిగి తీసుకుపోతుంది. డీస్పేస్‌లో ఇది ముందే ఉంటుంది కాబట్టి ఆన్ చేసేసి పని అయిపోయిందనుకున్నాం. మూడు నెలల తర్వాత చూస్తే కొత్తవి ఒక్కటీ బయటికి వెళ్లలేదు, ఎందుకంటే ఓఏఐకి వేరే ఇండెక్స్ ఉంటుంది, దాన్ని రోజూ దానంతటదే అప్‌డేట్ చేసే క్రాన్ జాబ్ (సర్వర్‌లో వేళకు నడిచే పని) మేం పెట్టలేదు.

తర్వాత ఒక రీసెర్చ్ అమ్మాయి వచ్చి, "మేడమ్, ఈ థీసిస్ మీద 1986 అని ఉంది, బయట సెర్చ్‌లో 2021 అంటోంది, సైటేషన్‌లో ఏది వేయాలి?" అని అడిగింది. నాకు చాలా బాధేసింది. రికార్డుల వివరాలు బయటికి వెళ్లేది డబ్లిన్ కోర్ అనే పద్ధతిలో, మామూలు డబ్లిన్ కోర్‌లో ఉండేవి 15 గడులు, అందులో తేదీకి ఒక్కటే. మా దగ్గర థీసిస్ వచ్చిన తేదీ, సర్వర్‌లోకి ఎక్కించిన తేదీ, అందరికీ తెరిచిన తేదీ విడివిడిగానే ఉన్నా, బయటికి వెళ్లేటప్పుడు అన్నీ ఉత్త 'తేదీ'లైపోతున్నాయి, ఏది పట్టుకోవాలో అవతలి మెషిన్‌కు ఎలా తెలుస్తుంది? మన గడుల్లో ఏది ఏ పేరుతో బయటికి వెళ్లాలో చెప్పే ఫైల్ డీస్పేస్‌లో ఉంటుంది, థీసిస్ వచ్చిన తేదీ ఒక్కటే వెళ్లేలా దాన్ని మార్చాక సరైపోయింది.

పేర్ల గొడవ ఇంకా పెద్దది. ఊరు ఒక్కటే, కీవర్డ్‌లలో మాత్రం విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు, పాత కాగితాల్లో విజగపటం. మనుషుల పేర్లయితే ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర, మరోచోట ఉత్త అక్షరాలు, దాంతో ఒకే మనిషి ముగ్గురైపోతారు. ఇప్పుడు పేపర్ ఇచ్చే ప్రతివాళ్లనీ ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల గుర్తింపు) అడిగి తీసుకుంటున్నాం, ఊరి పేరుకు ఒకే స్పెల్లింగ్ పెట్టుకున్నాం.

డీస్పేస్ ప్రతి రికార్డుకూ హ్యాండిల్ అనే శాశ్వత లింకు ఇస్తుంది, దాని ముందు మన సంస్థ నంబరు ఉంటుంది, అదే ప్రిఫిక్స్. కొత్తగా పెట్టేవాళ్లు మొదటి రోజే ఈ హ్యాండిల్ ప్రిఫిక్స్ రిజిస్టర్ చేయించండి. మేం డిఫాల్ట్‌గా వచ్చే 123456789తోనే నడిపించాం, సర్వర్ మారినప్పుడు జనం తమ పేపర్లలో ఇచ్చుకున్న లింకులన్నీ పోయాయి.

ఇన్ని చెప్పినా సాఫ్ట్‌వేర్ మార్చమని నేను అనను, డీస్పేస్‌నే తీసుకోమంటాను. ఐటీ మనిషి ఒకరు తోడుంటే చాలు. పాత రికార్డుల్లో ఇంటిపేర్లు మాత్రం ఇంకా సరిచేస్తూనే ఉన్నాం, ఒక్కో థీసిస్ మొదటి పేజీ తెరిచి చూసుకుంటూ.