అనవసర ఫోన్లకు అడ్డుకట్ట: 1909 సేవతో నా అనుభవం

నెల్లూరు మూలాపేటలో మిద్దెతోటలు పెంచుకునే మేము కొందరం విత్తనాలు ఇచ్చిపుచ్చుకునేందుకు ఒక వాట్సాప్ బృందాన్ని నడుపుతున్నాము. దానిని చూసుకునే నా నంబరు పదిమందికీ తెలిసిన నాటి నుంచి, ప్లాట్లు కొనమనీ, అప్పు తీసుకోమనీ, పొద్దున మొక్కలకు నీళ్లు పోసే వేళకే ఫోన్లు మొదలయ్యేవి. చివరకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం నడిచే, ప్రచార కాల్స్‌ను ఆపే 1909 సేవలో నమోదు చేసుకున్నాను. రుసుము లేదు. అన్నిటినీ ఆపనక్కరలేదు, బ్యాంకులు, స్థిరాస్తి వంటి రంగాలను విడివిడిగా ఎంచుకోవచ్చు.

నా దృష్టిలో దీని అసలు విలువ ఫిర్యాదులో ఉంది. 2025 ఫిబ్రవరి సవరణకు ముందు కాల్ వచ్చిన 3 రోజులలోపే ఫిర్యాదు చేయవలసి ఉండగా, ఇప్పుడు 7 రోజుల వరకు చేయవచ్చు. నమోదు లేని నంబర్ల నుంచి ప్రచారం చేసేవారిపై చర్యకు గడువు కూడా 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. నంబరు, తేదీ, విషయం అప్పటికప్పుడే రాసిపెట్టుకోవడం మంచిది. నాకు కాల్స్ బాగా తగ్గాయి.

వాట్సాప్ కాల్స్ మాత్రం దీని పరిధిలోకి రావు. వాటిని అక్కడే బ్లాక్ చేసి రిపోర్ట్ చేయాలి. మోసపు ప్రయత్నమైతే ప్రభుత్వ టెలికాం పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు అనే ఫిర్యాదు విభాగంలో తెలపాలి, డబ్బు పోతే ఆలస్యం చేయక సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. మా బృందంలోని పెద్దవారందరికీ నేనే దగ్గరుండి 1909లో నమోదు చేయిస్తున్నాను.