గడియ ఏ వైపున ఉంది? జైలు, ఆఫీసు, ముందస్తు రిటైర్మెంట్: ఏది మేలు?

మా చిన్నాన్న జైలు వార్డరుగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఇంటికి వచ్చినవాళ్ళు "మీ తమ్ముడు ఎక్కడున్నాడండీ?" అని అడిగితే "శ్రీకృష్ణ జన్మస్థానంలో" అని మా నాన్న గంభీరంగా చెప్పేవాడు. కొత్తవాళ్ళు పాపం ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు.

నేను ఉద్యోగంలో చేరిన పదో ఏడు అనుకుంటా, ఒకరోజు ఆయన దగ్గర కూర్చుని ఏడుపు మొదలుపెట్టాను. "మీ ఖైదీలే నయం చిన్నాన్నా. వేళకి తిండి, వేళకి నిద్ర. టార్గెట్లు లేవు, మీటింగులు లేవు, టెన్షన్ లేదు."

ఆయన నవ్వలేదు. "ఏరా, మీ ఆఫీసులో తలుపు గడియ ఏ వైపున ఉంటుంది?" అన్నాడు.

"లోపలి వైపే."

"మరింకేం. రేపు వేళకి లేచి పనికి పో."

వాదన అక్కడితో అయిపోవాల్సింది. కానీ లోపలున్న గడియని నేను 21 ఏళ్ళు తీయలేదు. తర్వాత తీశాను. నా 46వ ఏట ఉద్యోగం మానేసి, 14 నెలలు ఏ పనీ లేకుండా ఉన్నాను. కాబట్టి ఈ మూడింటిలో రెండు నాకు స్వయంగా తెలుసు. మూడోది చిన్నాన్న కళ్ళతో చూసిందే. చిప్పకూడు నేను తినలేదు, తినాలనీ లేదు.

ఆఫీసుని జైలుతో పోల్చే జోకులకు కొదవలేదు. నేనూ చాలా వేశాను. వాటిలో కొంత నిజం లేకపోలేదు. ఖైదీల విషయంలో పాటించాల్సిన కనీస ప్రమాణాలను ఐక్యరాజ్యసమితి 2015లో సవరించి, వాటికి నెల్సన్ మండేలా పేరు పెట్టింది. ఆరుబయట పనిలేని ప్రతి ఖైదీకీ, వాతావరణం బాగుంటే, రోజుకు కనీసం ఒక గంట బయట వ్యాయామం దొరకాలని అందులో ఉంది. అది చదివిన రోజు నా లెక్క వేసుకున్నాను. ఆ వారం మొత్తంలో నాకు ఎండ తగిలింది బండి దిగి లిఫ్టు ఎక్కేలోపే.

అయితే అవే ప్రమాణాల్లో ఇంకో మాట కూడా ఉంది. రోజుకు 22 గంటలు, అంతకు మించి మనిషి పలకరింపు లేకుండా ఉంచితే అది ఏకాంత నిర్బంధం. వరసగా 15 రోజులు దాటి అలా ఉంచకూడదు. ఉంచకూడదని రాసుకోవాల్సి వచ్చిందంటే ఎక్కడో ఉంచుతున్నారనే కదా. మా క్యాంటీన్‌లో పక్కవాడి సొద వినలేక చెవులు మూసుకున్న నేను, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను.

తిండి, నిద్ర విషయానికొస్తే చిన్నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. తల్లికి ప్రాణం మీదకి వచ్చిందని కబురొచ్చిన ఒక ఖైదీకి పెరోల్ కాగితం చేతికి వచ్చేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయట. "ఆ రోజూ వాడికి వేళకే తిండి పెట్టాం" అన్నాడు. ఆ తర్వాత నేను ఆ జోకు మళ్ళీ వేయలేదు.

అసలు పోలిక నిఘా దగ్గర ఉంది. మధ్యలో కావలి గోపురం, చుట్టూ గుండ్రంగా గదులు. గదిలో ఉన్నవాడికి కాపలావాడు కనిపించడు. తనని చూస్తున్నాడో లేదో తెలియదు, కాబట్టి ఎప్పుడూ చూస్తున్నట్టే మసలుకోవాలి. ఇంగ్లండుకు చెందిన తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1791లో ఈ జైలు నమూనాని అచ్చు వేయించాడు. కానీ ఆ ఊహ మొదట పుట్టింది జైలు కోసం కాదు. అతని తమ్ముడు శామ్యూల్ రష్యాలో ప్రిన్స్ పోటెమ్కిన్ ఎస్టేటులో పనిచేసేవాడు. అక్కడి పనివాళ్ళ మీద ఒక్క చోటి నుంచే కన్నేసి ఉంచడానికి అతను వేసుకున్న ప్లాను అది. 1780లలో తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్ళిన అన్న దాన్ని జైలుకి పట్టుకొచ్చాడు. ఆఫీసు జైలులా ఉందని మనం వాపోతున్నాం గానీ, జైలే పనిచోటు నుంచి నేర్చుకుంది.

ఇప్పుడు గోపురం అక్కర్లేదు. ఆఫీసు చాట్‌లో పేరు పక్కన, మనం కంప్యూటర్ ముందే ఉన్నామని చూపే చిన్న పచ్చ చుక్క చాలు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో నా సహోద్యోగి ఒకాయన భోజనానికి లేస్తూ ఆరేళ్ళ కొడుకుని కుర్చీలో కూర్చోబెట్టేవాడు, "మౌస్ అప్పుడప్పుడు కదుపుతూ ఉండు నాన్నా" అని. పిల్లవాడు ఎంత శ్రద్ధగా కదిపేవాడంటే, ఆ నెల ఆయన హాజరు మా అందరికంటే బాగుందట.

జైల్లో లెక్క వేరు. పొద్దున తాళాలు తీసేటప్పుడు ఒకసారి, సాయంత్రం వేసేటప్పుడు ఒకసారి తలలు లెక్కపెడతారు. లెక్క సరిపోకపోతే మళ్ళీ మొదటి నుంచి. అది తేలేదాకా డ్యూటీ దిగాల్సిన వార్డరు కూడా గేటు దాటడానికి లేదు. "రోజూ ఓ పావుగంట మేమూ ఖైదీలమేరా" అనేవాడు చిన్నాన్న. ఇందులో ఒక తేడా నాకు నచ్చింది. జైల్లో నువ్వు ఉన్నావా లేవా అని మాత్రమే చూస్తారు. ఆఫీసులో ఉత్సాహంగా ఉన్నావా అని కూడా చూస్తారు. ఏడాది చివర్లో ఆ ఉత్సాహానికి మార్కులు కూడా వేస్తారు.

ఇక పని. 19వ శతాబ్దంలో ఇంగ్లండు జైళ్ళలో ట్రెడ్‌మిల్ అని ఒక శిక్ష ఉండేది. విలియం క్యూబిట్ అనే ఇంజనీరు 1818 ప్రాంతంలో దాన్ని జైళ్ళలోకి తెచ్చాడు. పెద్ద చక్రానికి మెట్లు ఉంటాయి. వరసగా నిలబడి ఎక్కుతూనే ఉండాలి, పైకి మాత్రం చేరరు. కొన్ని చోట్ల ఆ చక్రంతో ధాన్యం విసిరేవారు, నీళ్ళు తోడేవారు. మరికొన్ని చోట్ల దానికి ఏమీ తగిలించేవాళ్ళు కాదు. ఊరికే గాలి విసరడమే. దానికి తోడు క్రాంక్ అని ఇంకోటి, ఇసుక పెట్టెకు బిగించిన చేతిపిడి. జైలు కొట్లో ఒంటరిగా నిలబడి రోజుకు 10,000 చుట్లు తిప్పాలి. లోపల ఇసుక కదులుతుంది, అంతే. 1898 చట్టంతో ఈ రెండూ పోయాయి. ఒంటి నొప్పి కన్నా, ఎందుకూ పనికిరాని పని చేస్తున్నానన్న ఎరుకే మనిషిని ఎక్కువ విరిచేదని నా అనుమానం.

ఎందుకంటే ఆ చేతిపిడి నేనూ తిప్పాను. వారానికోసారి ఒక రిపోర్టు తయారుచేయడం నా బాధ్యత. శుక్రవారం మధ్యాహ్నం మొత్తం దానికే పోయేది. ఉద్యోగం మానేసేటప్పుడు పనులు అప్పగిస్తూ, ఇది ఎవరికి ఏ రూపంలో కావాలో కనుక్కుందామని ఆరా తీశాను. అది చేరాల్సిన అధికారి నాలుగేళ్ళ కిందటే వేరే విభాగానికి మారిపోయాడు. ఆయన పాత మెయిల్ పెట్టెలో నా రిపోర్టులు 200కి పైగా, ఒక్కటీ తెరవకుండా, వరసగా పేర్చి ఉన్నాయి. గానుగెద్దు ఎంత తిరిగినా ఉన్నచోటే ఉంటుందని జాలిపడతాం గానీ, దాని వెనక నూనెన్నా కారుతుంది. నేను విసిరింది గాలి.

మరి 21 ఏళ్ళూ గాలేనా? కాదు. నేను చేసింది జీతాల సెక్షన్‌లో. తప్పుగా కోసిన జీతం సరిచేసి ఇస్తే ఆ మనిషి మొహం ఎలా వెలిగేదో నాకు గుర్తుంది. ఆ సంగతి ఉద్యోగంలో ఉన్నప్పుడు గుర్తుకు రాలేదు, మానేశాక వచ్చింది.

గడువు విషయంలో ఒక్కటి చెప్పాలి. ఖైదీకి విడుదల తేదీ ఉంటుంది, బుద్ధిగా ఉంటే రెమిషన్ కింద కొన్ని రోజులు తగ్గుతాయి. ఉద్యోగికీ తేదీ ఉంటుంది. కానీ బుద్ధిగా పనిచేస్తే రోజులు తగ్గవు, పని పెరుగుతుంది. ఆ తేదీ కూడా మొదట్లో ఎంత దూరంలో ఉండేదంటే, 1889లో ఛాన్సలర్ బిస్మార్క్ జర్మనీలో వృద్ధాప్య పింఛను పెట్టినప్పుడు అర్హత వయసు 70. దాన్ని 65కి దించింది 1916లో. ఆ తేదీని మనమే ముందుకు లాక్కోవడమే ముందస్తు రిటైర్మెంట్.

లాక్కోవడానికి డబ్బు కావాలి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు కదా, ఎంత కొండ అయితే ఎన్నాళ్ళకి కరుగుతుందో 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు లెక్క కట్టాడు. మొదటి ఏడాది దాచిన సొమ్ములో 4 శాతం తీసుకుని, ఆపైన ఏటా ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే, 30 ఏళ్ళు గట్టెక్కవచ్చని తేల్చాడు. దీన్నే తిరగేసి "ఏడాది ఖర్చుకి 25 రెట్లు ఉంటే చాలు" అంటున్నారు. నేనూ ఆ 25 రెట్లు చూసుకునే రాజీనామా ఇచ్చాను. చిన్న సంగతి ఒకటి మరిచిపోయాను: 46కి 30 కలిపితే 76. ఆ తర్వాత ఏం తినాలి? పైగా ఆ లెక్క, దాచిన సొమ్ము షేర్లలో, బాండ్లలో పెట్టారనుకుని, అమెరికా మార్కెట్ల పాత చరిత్ర మీద కట్టింది. ఇంకో చిక్కు ఏమిటంటే, మానేసిన మొదటి కొన్నేళ్ళలోనే మార్కెట్ పడితే, పడిన ధరకే అమ్ముకుని తినాలి కాబట్టి, తర్వాత అది లేచినా మన కొండ మళ్ళీ పెరగదు. అరవైలో మానేసేవాడికి సరిపోయే సూత్రం నలభైల్లో మానేసేవాడికి పొట్టి దుప్పటి. ఏడాది ఖర్చులో 3 శాతానికో 3.5 శాతానికో సర్దుకోగలిగితేనే నాలాంటివాడు ధైర్యం చేయాలని ఇప్పుడు అనిపిస్తోంది. అయ్యో, తప్పు రాశాను: ఖర్చులో కాదు, దాచిన సొమ్ములో. జీతాల సెక్షన్ మానేశాక చెయ్యి ఇలా తయారైంది.

డబ్బు సంగతి అలా ఉంచి, రోజు సంగతి చెప్తాను. మొదటి నెల స్వర్గం. రెండో నెల నుంచి నేను తొమ్మిదిన్నరకి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఒంటిగంటకి భోజనం. సాయంత్రం అయిదున్నరకి లేవడం. మధ్యలో ఏం చేసేవాణ్ణంటే, ఉదాహరణకి ఒక బిల్లు కట్టేవాణ్ణి. అదే ఆఫీసులో ఉండగా రెండు నిమిషాల పని. ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతుందని బ్రిటిష్ రచయిత నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో రాసిన మాట ఆఫీసులకి అంటగడతారు. కానీ ఆ వ్యాసంలో ఆయన మొదట చెప్పింది, తీరుబడిగా ఉన్న ఒక ముసలావిడ మేనకోడలికి పోస్టుకార్డు రాయడానికి రోజంతా తీసుకున్న సంగతి. నేను ఆవిడనయ్యాను. ఒకరోజు తలనొప్పిగా ఉండి టేబుల్ దగ్గరికి వెళ్ళకపోతే మా ఆవిడ అడిగింది, "ఏమండీ, ఇవాళ సెలవు పెట్టారా?"

సిగ్గేసింది గానీ, నాకంటే ఘనులు కూడా ఆ పని చేశారని తర్వాత తెలిసి ఊరట కలిగింది. మండేలా 27 ఏళ్ళ నిర్బంధంలో చివరి 14 నెలలు విక్టర్ వెర్‌స్టర్ జైలు ఆవరణలోని ఒక ఇంట్లో ఉన్నాడు. 1990 ఫిబ్రవరి 11న విడుదలై, తర్వాత తను పెరిగిన పల్లె కునూలో సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ జైలు ఇంటి ప్లానే వేయించాడు. ఆ ఇల్లు ఆయనకి అలవాటైపోయింది. అంతకుముందు రాబెన్ ద్వీపం జైల్లో ఉన్న రోజుల్లో కూడా పొద్దున్నే కొట్లోనే నిలబడ్డచోట పరుగెత్తేవాడు, తోట పెంచేవాడు. ఇతరులు గీసిన రోజులో తనదైన ఒక గంటని కేటాయించుకున్నవాడికి రోజు మొత్తం చేతికొచ్చినా భయం ఉండదేమో. నేను 21 ఏళ్ళలో అలాంటి గంట ఒక్కటీ అలవాటు చేసుకోలేదు. గంట కొట్టేవాడు పోయాక నాకు వేళ తెలియలేదు.

మరి ఏది మేలు? జైలుని పోటీలోంచి తీసేస్తున్నాను. గడియ అవతల ఉన్న చోటుతో మిగతా రెంటినీ పోల్చడం, లోపల ఉన్నవాళ్ళ పట్ల అన్యాయం. మిగిలిన రెండింటిలో నా ఓటు అటూ ఇటూ కాదు. 15వ నెలలో ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసే పనికి కుదిరాను, వారానికి మూడు రోజులు. జీతం మునుపటిలో మూడో వంతు కూడా కాదు. కానీ దాచినదాని మీద చెయ్యి పెట్టకుండా ఇల్లు గడిచిపోతోంది. వారం వారం పంపాల్సిన రిపోర్టు ఒకటి ఉంటే, చేరిన మొదటి నెలలోనే అది ఎవరు చదువుతారని అడిగాను. ఎవరూ చదవరన్నారు. మానేద్దామన్నాను. సరే అన్నారు. అంత సులువని ఇదివరకు నాకు తెలియదు.

ఆఫీసు అంటే విసుగు పుట్టి మానేద్దామనుకుంటున్నవాళ్ళు ఎవరైనా నన్ను అడిగితే, విసుగు పని మీదా, పనిలో గాలి విసిరే భాగం మీదా అని ముందు తేల్చుకోమంటాను. రెండోదైతే సీటు మారితే సరిపోవచ్చు. ఒళ్ళు పాడవుతోంది, ఇంట్లో మొహాలు చూడటానికి కూడా తీరిక లేదు అంటే మాత్రం, 25 రెట్లు లేకపోయినా ముందు బయటికి రావాలి. కొండ సంగతి తర్వాత.

మొన్న ఇంట్లో అందరం కలిశాం. చిన్నాన్నకి ఇప్పుడు 74. రాత్రి పడుకోబోయే ముందు గదిగదికీ వెళ్ళి వేలు ఆడిస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. ఏమిటని అడిగాను.

"పదకొండు మందిమి. సరిపోయింది" అని, వీధి తలుపు గడియ వేసి, దాన్ని ఒకసారి లాగి చూసి పడుకున్నాడు.