ఆప్టిమా: నడుమున్న అక్షరం

శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, శిలాఫలకాలు డిజైన్ చేయడం నా పని. మ్యాక్ కంప్యూటర్ కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిన ఆప్టిమా ఫాంట్‌ను పదకొండేళ్లుగా వాడుతున్నాను. మొదట్లో నచ్చలేదు. ఇది సెరిఫ్ ఫాంటా (గీతల కొసల్లో చిన్న పాదాలుండే రకమా) కాదా అంటే చెప్పలేం. టైమ్స్‌కు ఉన్నట్టు పాదాలు లేవు, అలాగని ఏరియల్‌లా గొట్టాలూ కావు. నిలువు గీత మధ్యలో సన్నబడి, రెండు కొసల్లో కొద్దిగా విచ్చుకుంటుంది. బాగా పెద్దది చేసి చూస్తేగానీ ఆ నడుము కనబడదు.

దీన్ని గీసిన జర్మన్ డిజైనర్ హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్స్‌లోని సాంటా క్రోచే చర్చిలో సమాధి రాళ్ల మీది అక్షరాలు చూశాడు. చేతిలో కాగితం లేక 1000 లీరాల నోటు మీదే గీసుకున్నాడు. ఫాంటుగా బయటికొచ్చింది 1958లో. రాతిలో పుట్టింది కాబట్టే రాతి మీద దీని అందం వేరు. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారక గోడ మీద 58 వేలకు పైగా పేర్లు ఉన్నది ఈ ఫాంట్‌లోనే. అన్నట్టు, ఆ నల్ల గ్రానైట్ వెళ్లింది మన బెంగళూరు వైపు నుంచే.

నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం రెండు భాషల శుభలేఖల్లో. తెలుగు పేరు కింద ఇంగ్లిష్ పేరు టైమ్స్‌లో పెడితే ముళ్లు మొలిచినట్టుంటుంది, ఏరియల్‌లో పెడితే ఆఫీసు నోటీసు. ఆప్టిమా గీత లావవుతూ సన్నబడుతూ ఉంటుంది గనక మన గుండ్రటి అక్షరాల పక్కన ఒదిగిపోతుంది. తెలుగు 16 పాయింట్లయితే దీన్ని 13కి తగ్గిస్తాను. అన్నీ క్యాపిటల్ అక్షరాలైతే మధ్యలో కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే ఇరుకిరుగ్గా ఉంటుంది.

ఇక దెబ్బతిన్న కథ. ఒక డాక్టరుగారి కార్డుకు మెరూన్ రంగు మీద తెల్లక్షరాలతో 6 పాయింట్లలో అడ్రసు వేశాను. ఆఫ్‌సెట్‌లో సిరా పాకి సన్నటి గీతలన్నీ మూసుకుపోయాయి. “ఫోన్ నంబరేదయ్యా?” అన్నారాయన. వెయ్యి కార్డులు మళ్లీ నా ఖర్చుతోనే వేయించాను. పాత లేజర్ ప్రింటర్ మీదా ఇంతే. ఆ మెత్తటి వంపు మెట్లు మెట్లుగా వస్తుంది. ప్రూఫ్ అందులో తీసి చూపిస్తే పార్టీ ఒప్పుకోదు. మంచి ప్రింట్ తీయించి చూపించాల్సిందే.

ఇటాలిక్ జోలికి పోకండి. నిటారు అక్షరాన్నే పక్కకు వాల్చినట్టుంటుంది. 2002లో వచ్చిన ఆప్టిమా నోవాలో ప్రత్యేకంగా గీసిన అసలైన ఇటాలిక్ ఉంది గానీ, అది విడిగా కొనుక్కోవాలి.

ఫ్లెక్సీలకు నేనసలు వాడను. రోడ్డు అవతలి నుంచి చూసేవాళ్లకు ఆ నడుము ఎవరికి కావాలి? లావుపాటి ఫాంటేదో పెట్టేస్తాను. శిలాఫలకం పని వస్తే మాత్రం ఇంగ్లిష్ పేర్లకు ఇంకో ఫాంట్ వెతకను.