పాత కారుకు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్: బానెట్ కిందా, డ్యాష్‌బోర్డు మీదా, అసలు బిగించకుండానా?

ఎండాకాలంలో పాత కారు జర్క్ కొట్టి ఆగిపోతే మన దగ్గర మొదట వినిపించే మాట "పంపు పోయింది సార్". పంపు మారుస్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే ఆగుడు. ఈసారి ఫిల్టరు, ఆ తర్వాత ఇంజెక్టర్ల క్లీనింగు, అదీ కాకపోతే ప్లగ్గులు. బీపీ చూడకుండానే మాత్రలు మార్చి మార్చి రాసినట్టుంటుంది ఈ వ్యవహారం. పెట్రోలు ఎంత ఒత్తిడితో ఇంజన్‌కు చేరుతోందో ఒక్కసారి కొలిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. కొలవాలా వద్దా అన్న దానిలో నాకు సందేహమే లేదు. గేజ్ ఎక్కడ పెట్టాలి, ఎంతకాలం ఉంచాలి అన్నదే అసలు ప్రశ్న.

వరంగల్‌లో ఒక మెకానిక్‌తో ఈ మాట ఎత్తితే, "గేజి పెడితే పంపు మంచిగైతదా సార్? కొత్తది ఏసుడే గద" అని నవ్వాడు. "మంచిగ కాదన్నా, కానీ మంచిగున్న పంపును పారేయకుండా ఆపుతది" అన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ముందు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే పాత పరికరం) ఉన్న బండ్ల సంగతి తేల్చేద్దాం. 2000 ఏప్రిల్‌లో దేశమంతటా కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాక కొత్త కార్లలో కార్బురేటర్ క్రమంగా తప్పుకుంది. అంతకుముందువైన మారుతి 800లు, అంబాసిడర్లు, పద్మినిలు ఇంకా మన వీధుల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఇంజన్ కామ్‌తో నడిచే వాటి పంపు ఇచ్చే ఒత్తిడి 3 నుంచి 5 పీఎస్ఐ. మార్కెట్లో ఎక్కువగా దొరికే 0–100 పీఎస్ఐ గేజ్ బిగిస్తే ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. 0–15 పీఎస్ఐది తెచ్చి ఒకసారి చూసి తీసేస్తే చాలు. ఈ కార్లకు శాశ్వతంగా గేజ్ పెట్టడం నా లెక్కన దండగ. దానికంటే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే పంపు లోపలి డయాఫ్రం అనే పల్చటి పొర చిరిగి ఉండొచ్చు.

ఎంపీఎఫ్ఐ కార్లతోనే, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే కార్లతోనే చర్చంతా. చాలా పాత ఎంపీఎఫ్ఐ కార్లలో ఇంజన్ ఆఫ్‌లో ఉంచి పంపు ఒక్కటే నడిపితే 2.5 నుంచి 3 బార్ దాకా కనిపిస్తుంది. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ ఇంజన్ మీదే ఉండే రకంలో, ఐడ్లింగ్‌లో దీనికంటే దాదాపు అర బార్ తక్కువ ఉంటుంది. రెగ్యులేటర్‌కు వెళ్ళే సన్నటి వాక్యూమ్ పైపు పీకితే మళ్ళీ పైకి లేస్తుంది. లేవకపోతే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. ఆ పైపులోంచి పెట్రోలు చుక్క వచ్చినా అంతే. తర్వాత వచ్చిన చాలా మోడళ్ళలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది. మిగిలిన పెట్రోలును ఇంజన్ నుంచి వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు ఉండదు, ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మీ కారు ఏ రకమో, దాని అంకె ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకున్నాకే గేజ్ ముట్టుకోవాలి. అంకె తెలియకుండా ముల్లు చూసి లాభం లేదు.

ఇక మొదటి దారి: మెకానిక్ దగ్గరుండే గొట్టం గేజ్. బిగించి, చూసి, తీసేస్తారు. కారులో కొత్త జాయింట్ ఏదీ మిగలదు. పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ ఉన్న కారుకు ఇంతకు మించింది అక్కర్లేదు. పంపు ఆన్ చేసి ఒత్తిడి ఎక్కాక ఆపేయండి, ముల్లును చూస్తూ నిలబడండి. మెల్లగా దిగితే సరే. ఆపీ ఆపగానే సున్నాకు జారిపోతే మూడు చోట్ల అనుమానం: పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే పంపులోని చెక్ వాల్వు, కారుతున్న ఇంజెక్టర్, పట్టు వదిలేసిన రెగ్యులేటర్. ఏదో తేల్చడానికి మళ్ళీ ఒత్తిడి ఎక్కించి, పంపు ఆపిన వెంటనే రిటర్న్ రబ్బరు పైపును గుడ్డ చుట్టిన ప్లయరుతో నొక్కి పట్టాలి. ముల్లు నిలబడిందా, లోపం రెగ్యులేటర్‌ది. అయినా దిగిందా, పంపు వైపు పైపు నొక్కి చూడాలి. అప్పుడు నిలబడితే చెక్ వాల్వు, రెండూ నొక్కినా దిగితే ఇంజెక్టర్లు. ప్లాస్టిక్ పైపును మాత్రం నొక్కొద్దు, పగులుతుంది. ఎండి బిగుసుకుపోయిన రబ్బరు పైపైనా అంతే.

ఒత్తిడి తక్కువ చూపగానే పంపు మీద పడకండి. ఫిల్టర్ పూడి ఉండొచ్చు. పంపు దగ్గర వోల్టేజ్ కూడా చూడాలి, అదీ పంపు నడుస్తుండగా. పాత కారులో రిలే కాంటాక్టులు కాలి, ఎర్త్ తుప్పు పట్టి, బ్యాటరీ దగ్గర ఉన్న 12 వోల్టులు వెనక సీటు కింద పంపు దాకా వచ్చేసరికి బాగా తగ్గిపోతాయి. ఎర్త్ గీకి బిగిస్తే పోయే రోగానికి కొత్త పంపులు వేయించుకున్న వాళ్ళున్నారు.

రెండో దారి, బానెట్ కింద ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపు) దగ్గర చిన్న గేజ్‌ను శాశ్వతంగా ఉంచడం. చూడ్డానికి బాగుంటుంది, బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది. కానీ కారు నడుస్తున్నప్పుడు ఏం జరుగుతోందో చెప్పదు, ఆగినప్పుడు మాత్రమే చెబుతుంది. ముల్లు వణకకుండా గ్లిజరిన్ నింపిన గేజ్ పెడతారు, ఆ గ్లిజరిన్ బానెట్ కింద వేడికి ఉబ్బుతుంది. మూసి ఉన్న డబ్బాలో ఒత్తిడి పెరిగి, ఉన్నదానికంటే తక్కువ చూపించడం మొదలవుతుంది. మన మే నెల ఎండలో, అదీ ఇంజన్ పక్కన, దాని మాట మీద పంపు మార్చేస్తే అన్యాయం. పైన చిన్న రబ్బరు మూత ఉంటే కాస్త తెరిచి గాలి వదిలి చూడాలి.

మూడోది, బానెట్ కింద ఒత్తిడిని కొలిచి వైరు ద్వారా పంపే ఎలక్ట్రిక్ సెండర్, డ్యాష్‌బోర్డు మీద మీటరు. పెట్రోలు బానెట్ దాటి రాదు, లోపలికి వైరు మాత్రమే వస్తుంది. కొన్ని రకాల రోగాలు దీనికి తప్ప దొరకవు. హనుమకొండలో నిక్షేపంగా బయల్దేరి, భువనగిరి దాటాక నీరసపడి, అరగంట నీడలో ఆపితే మళ్ళీ మామూలుగా నడిచే కారును ఊహించుకోండి. షెడ్డులో ఎన్నిసార్లు కొలిచినా 3 బార్ చూపిస్తుంది. వేడెక్కాక చేతులెత్తేసే పంపు అయి ఉండొచ్చు అది. ట్యాంకులో పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి, రిజర్వులో తిప్పే అలవాటున్న వాళ్ళకు ఇది ముందే వస్తుంది. మేడారం జాతర ట్రాఫిక్‌లో గంటల తరబడి ఫస్ట్ గేరులో పాకించినా ఈ లోపం బయటపడొచ్చు. బండి నీరసపడిన క్షణంలో మీటరు పడిపోతే లోపం పెట్రోలు వైపు. మీటరు కదలకపోతే కాయిల్, సెన్సార్ల వైపు వెళ్ళాలి. ఈ ఒక్క కబురు కోసం సెండర్ పెట్టొచ్చు.

దీని కష్టాలు దీనికీ ఉన్నాయి. సెండర్ బరువును నేరుగా రైల్ మీద వేలాడదీస్తే ఇంజన్ అదురుకు జాయింట్ వదులవుతుంది. బాడీకి బిగించి, మధ్యలో మంచి హోస్ వేయాలి. ఒంటి వైరు సెండర్ అయితే దాని ఎర్త్ బిగించే మర చుట్ల (థ్రెడ్ల) ద్వారానే వెళ్తుంది కాబట్టి టెఫ్లాన్ టేపు చుడితే రీడింగ్ తప్పుతుంది. పైగా ఆ టేపు ముక్క ఇంజెక్టర్‌లోకి వెళ్ళిందంటే కొత్త తలనొప్పి. పెట్రోలుకు తట్టుకునే లిక్విడ్ సీలెంట్ వాడితే మేలు.

నాలుగో దారి కొందరు చేస్తారు కాబట్టి చెప్పక తప్పదు. మెకానికల్ గేజ్‌ను డ్యాష్‌బోర్డులో పెట్టి పెట్రోలు పైపునే లోపలికి లాగడం. వద్దు. జాయింట్ కారితే 3 బార్ ఒత్తిడితో పెట్రోలు మీ కాళ్ళ మీద చిమ్ముతుంది. మధ్యలో ఐసోలేటర్ పెట్టి, అటు పెట్రోలు ఇటు కూలెంటు ఉండేలా చేసే పద్ధతి ఒకటుంది. అది లేకుండా ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

నా ఓటు ఎటంటే, లైనులో ఒక టీ జాయింట్ వేసి, దానికి గట్టి మూత పెట్టి వదిలేయడం. గేజ్ ఇంట్లో ఉంటుంది. అవసరమైనప్పుడు మూత తీసి బిగించుకోవాలి. అమెరికా కార్లలో చాలావాటికి రైల్ మీదే ఇలాంటి వాల్వు కంపెనీయే ఇచ్చేది. మన దగ్గర తిరిగే పాత చిన్న కార్లలో సాధారణంగా ఉండదు కాబట్టి టీ వేసుకోక తప్పదు. ఎలక్ట్రిక్ మీటరు వేడెక్కి మొరాయించే కారుకు మాత్రమే. రోగం దొరికాక సెండర్ కూడా తీసి మూత పెట్టేయమంటాను. పని లేని జాయింటు కారడానికి తప్ప దేనికీ పనికిరాదు.

టీ ఎక్కడ వేసినా హోస్ దగ్గర పొదుపు చేయొద్దు. మామూలు రబ్బరు పైపు ఎంపీఎఫ్ఐ ఒత్తిడికి ఆగదు. పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 (SAE J30R9, ఇంజెక్షన్ ఒత్తిడికి తగ్గ హోస్ గుర్తు) అని అచ్చు ఉందో లేదో చదివి కొనండి. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అందుకే గేజ్ పని పెట్టుకున్న రోజే చుట్టుపక్కల పాత పైపులూ మార్చేయడం తెలివైన పని. క్లిప్పులు కూడా రబ్బరును కోసే కన్నాల పట్టీవి కాకుండా, లోపలి అంచు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు తీసుకోండి.

పైపు విప్పే ముందు ఫ్యూయల్ పంపు రిలే పీకి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టి ఒత్తిడి దించండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చల్లటి ఇంజన్ మీదే పని, పక్కన పౌడర్ ఫైర్ సిలిండర్ ఉండాలి. బిగించాక రిలే, బ్యాటరీ నెగటివ్ మళ్ళీ పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం నాలుగైదుసార్లు ఆన్ ఆఫ్ చేసి, జాయింట్ల చుట్టూ టిష్యూ కాగితం తిప్పి చూడండి. తడి తగిలితే మళ్ళీ విప్పాల్సిందే. తడి లేకపోయినా మొదటిసారి హైదరాబాద్ రోడ్డెక్కినప్పుడు జనగామలో ఆపి బానెట్ ఎత్తి, ఇంజన్ వేడి మీద ఆ జాయింట్లు ఇంకోసారి చూసుకుని కదలండి.