గానుగ నూనె మంచిదే, పేచీ అంతా సీసా మీది మాటతోనే

తిరుపతిలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక గానుగ నూనెల దుకాణంలో ఆరు నెలలుగా చెనిక్కాయ నూనె, నువ్వుల నూనె, రాగిపిండి కొంటున్నాను. నా ఫిర్యాదు సరుకు మీద కాదు కనుక దుకాణం పేరు రాయడం లేదు.

నూనె నిజంగా బాగుంది. పట్టిన నూనెను మడ్డి అడుక్కి దిగేదాకా కదపకుండా ఉంచి, తేరిన తరువాతే సీసాల్లో పోస్తారు. ఊరుబిండికి తాలింపు వేస్తే వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది.

అయితే ప్రతి సీసా మీదా, రాగిపిండి సంచి మీదా ‘జన్యుమార్పిడి లేనిది, అందుకే పోషకాలు ఎక్కువ’ అని అచ్చువేశారు. జన్యుమార్పిడి చేసిన వేరుశనగనూ, నువ్వులనూ, రాగులనూ లోకంలో ఎక్కడా వాణిజ్యపరంగా పండించడం లేదు కనుక, మొదటి సగం ఉప్పు పొట్లం మీద ‘శాకాహారం’ అని రాసినంత నిజం. మన రైతులు వేసే కదిరి 6 గానీ, తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చిన ధరణి గానీ మామూలు సంకరణంతో వచ్చిన వేరుశనగ రకాలే.

రెండో సగమే తప్పు. పోషకాలు పెరిగేదీ తగ్గేదీ ఏ జన్యువును ఎందుకు మార్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. 2002 నుంచి మన దేశంలో పండుతున్న బీటీ పత్తిలో చేర్చినది కాయతొలుచు పురుగును చంపే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు. ఆ గింజల నూనెను శుద్ధి చేశాక ప్రొటీన్ దాదాపు మిగలదు, కొవ్వుల పొందిక మామూలు పత్తిగింజల నూనెలాగే ఉంటుంది. జన్యుమార్పిడి చేసిన గోల్డెన్ రైస్ అనే బియ్యం సంగతి వేరు. 2000లో శాస్త్రవేత్తలు పోట్రికస్, బేయర్‌ల బృందం వెల్లడించిన ఆ బియ్యాన్ని, ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ కోసమే రూపొందించారు. 2005 నాటి మెరుగైన రకంలో గ్రాముకు 37 మైక్రోగ్రాముల దాకా కెరోటినాయిడ్లు (బీటా కెరోటిన్, దాని జాతి పదార్థాలు) వచ్చాయి. నిల్వలోనూ వంటలోనూ అందులో ఎంత మిగులుతుంది, పెరటి మునగాకు ఉండగా అది ఎందుకు అన్నవి పోషకాల గురించి అడగదగిన ప్రశ్నలు. విత్తనాల మీద కంపెనీల పట్టు గురించిన అభ్యంతరం బలమైనదే కానీ, అది పోషకాల లెక్కలోకి రాదు.

ఈ మాటే చెబితే యజమాని నవ్వి, “అది లేకుంటే జనం కొనరు సార్” అన్నారు.

శుద్ధి చేయని వేరుశనగ నూనెకు అసలు భయం బూజు గింజల వల్ల చేరే అఫ్లటాక్సిన్ అనే విషం. గింజలు ఏరి పట్టారా, ఏ రోజున పట్టారు అన్నవి సీసా మీద ఎక్కడా లేవు. అడిగితే లోపలికి తీసుకెళ్లి చూపించారు: ఒకామె చాట ముందు పెట్టుకుని, నల్లబడిన గింజలను ఒక్కొక్కటిగా తీసి డబ్బాలో వేస్తోంది. కిందటి వారం తెచ్చిన సీసా మీద పట్టిన తేదీని పెన్నుతో రాసి ఇచ్చారు, ఆ పాత అచ్చుకు సరిగ్గా కింద.