‘మైనస్ 21’ ఐస్ ప్యాక్‌లు కొనేముందు మీ ఫ్రీజర్ ఎంతకు దిగుతుందో చూసుకోండి

విజయవాడ, గుంటూరుల్లో ఇంటి నుంచి కుల్ఫీ, ఐస్‌క్రీమ్ ఆర్డర్లు చేసేవాళ్లూ, జాగ్రత్త. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో ‘మైనస్ 21’ అని రాసున్న నీలం ప్యాక్‌లు అంటగడుతున్నారు. ‘మామూలు ఐస్ సున్నా డిగ్రీలేనండి, ఇది ఇంకా చల్లన. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చాలు, గుంటూరు దాకా కుల్ఫీ కరగదు’ అన్నారు. నేనూ పెట్టెడు కొన్నాను. ఒక్కటీ గడ్డకట్టలేదు. ఫోన్ చేస్తే ‘ఇంకో రాత్రి ఉంచండి మేడమ్’ అట. సంక్రాంతి దాకా ఉంచినా అవి గట్టిపడవు.

లోపలున్నది ఉప్పునీళ్లు. నీళ్లలో ఏది కరిగినా గడ్డకట్టే ఉష్ణోగ్రత సున్నా కిందికి జారుతుంది. ఎంత జారుతుందనేది కరిగిన కణాల సంఖ్యను బట్టి ఉంటుంది. కిలో నీళ్లలో 342 గ్రాముల పంచదార వేస్తే తగ్గేది దాదాపు 2 డిగ్రీలు. ఉప్పయితే 58 గ్రాములకే 3 డిగ్రీలు దాటుతుంది, ఎందుకంటే అది నీళ్లలో సోడియం, క్లోరైడ్ అయాన్లనే రెండేసి కణాలుగా విడిపోతుంది. ద్రావణం బరువులో 23 శాతం ఉప్పుంటే మైనస్ 21 దగ్గర గానీ గడ్డకట్టదు. ఉప్పుతో అంతకంటే కిందికి దిగలేం. ప్యాక్ మీద అంకె అదే, అందులో అబద్ధం లేదు. కానీ ఇంటి ఫ్రీజర్ మామూలుగా మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది. మన ఎండల్లో, కరెంటు పోతూ వస్తూ ఉంటే అదీ కష్టమే. కొట్లో గట్టిగా ఉన్న ప్యాక్ చూపించారంటే, వాళ్ల దగ్గర పెద్ద డీప్ ఫ్రీజర్ ఉంది మరి!

గడ్డకట్టకపోయినా చల్లగానే ఉంది కదా అని వాడారో, అంతే సంగతులు. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్ల వేడి లాక్కుంటుంది. ద్రవంగా ఉన్న ఉప్పునీళ్లు గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి 4 జౌళ్లు కూడా పట్టవు. మా ఆర్డరు వారధి దాటి మంగళగిరి చేరేసరికే కుల్ఫీ పుల్లలు చేతికొచ్చాయి. డబ్బు వెనక్కివ్వమంటే ‘వాడిన సరుకు వాపస్ లేదు’.

ఇవే ప్యాక్‌లు ఇన్సులిన్‌కీ పనికొస్తాయని చెబుతున్నారు. దానికి నాకు ఒళ్లు మండింది. వాడకముందు ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఒకసారి గడ్డకడితే పారేయాల్సిందే. డీప్ ఫ్రీజర్‌లో గట్టిపడిన మైనస్ 21 ప్యాక్ పక్కన పెడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

పాలకీ చేపలకీ సున్నా దగ్గర గడ్డకట్టే మామూలు నీళ్ల ప్యాక్ చాలు. కుల్ఫీకి మాత్రం బండివాళ్ల పద్ధతే నయం: మూడు వంతుల చితక్కొట్టిన ఐస్‌కి ఒక వంతు కళ్లుప్పు. మూతలు బిగించండి, ఉప్పునీళ్లు లోపలికి దిగితే కుల్ఫీ నోట పెట్టలేరు.